గాలిమరకు కట్టిన పసుపు గుడ్డ

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ప్రయాణం పెట్టుకునే మనిషిని కాను నేను. ఆ నెలలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి, ముసలిది తన ఇంట్లో ఉండాలి. గాలికి లేచే మన్నంతా కళ్లలోనే పడుతుంది. పైగా ఆ నెలలో మొదలుపెట్టిన పని ఏదీ కలిసిరాదని మా అత్త చెప్పేది. అయినా వెళ్లాను. పోయిన పని ముగించుకుని, ఒళ్లు నొప్పులు తప్ప వేరే నష్టమేమీ లేకుండా ఇల్లు చేరాను. ఆ వైపు ఎన్నడూ పోనివాళ్లు తెలుసుకుంటారని ఇది రాస్తున్నాను. నా చదువు వీధి అరుగు మీది బడిలో, అదీ కొద్దికాలమే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

సింగానల్లూరు: లారీలో వచ్చిన కబురు

మా రెండోవాడు రంగసామి ఇక్కడే మా సింగానల్లూరులో మిల్లుల పక్కనున్న పోతపని కార్ఖానాలో వడ్రంగి. ఇనుముతో పంపు పోయాలంటే ముందు దాని అచ్చు కొయ్యలో చెక్కి ఇవ్వాలి. అది వాడి పని. మా చెల్లెలు అలమేలును ఆండిపట్టి దగ్గర సేద్యం చేసేవాళ్లింటికి ఇచ్చాం. వాళ్ల బావి చాలా లోతు. మోట తోలి తోలి ఎద్దులూ మనుషులూ అరిగిపోయారు. ఆ ఊళ్లో దేనికి కరువున్నా గాలికి కరువు లేదు. అందుకని మా మరిది, అంటే అలమేలు పెనిమిటి, బావి మీద గాలిమర పెట్టించాడు. ఇనుప గోపురం కొనే తాహతు లేక ఎవరో వడ్రంగితో కొయ్య గోపురం కట్టించాడు. పోయినేడు ఆడి గాలికి అది కూలి పశువుల కొట్టం మీద పడింది. ఒక దూడ చచ్చిపోయింది.

ఈసారి గోపురం మా రంగడు కట్టాడు. తై నెలలో, సంక్రాంతి దాటాక, దాన్ని నిలబెట్టాడు. నేల మీద పడుకోబెట్టి ఉండగానే నేను వెళ్లి, ఇంటి ద్వారబంధానికి కట్టినట్టే, నవధాన్యాలు మూటగట్టిన పసుపు గుడ్డలు నాలుగు కాళ్లకూ చుట్టాను. రెండు కొయ్యలు కలిసే చోట కట్టడం మా ఆచారం. అందుకని సరిగ్గా అతుకుల మీదే కట్టాను. నేను వేసిన ముడి సంగతి మా వాళ్లందరికీ తెలుసు. అది విప్పాలంటే పళ్లు గట్టిగా ఉండాలి.

ఇప్పుడు తంటా అంతా ఆ గుడ్డల దగ్గరే వచ్చింది. సెలవు పెట్టి ఆండిపట్టి పోయిన రంగడు పత్తి లారీ అతనితో కబురు పంపాడు. లారీ అతను మా గడపలో నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఆడి పద్దెనిమిదికి ముందే రావాలంట అమ్మా. మేలూరు ఆచారి దగ్గర కొయ్య చీలలు చేయమని చెప్పినాడంట, అవి తీసుకొని రావాలంట. ఎండలకు అతుకులు వదులైనట్టుంది, గుడ్డ విప్పి చూడాలంటే మీ చెల్లెలు ముట్టనీయడం లేదంట. కట్టిన చేయే విప్పాల, అదీ ఆడి పోయినంక అంటా ఉందంట."

"విప్పకపోతే వాడేం చేస్తాడంట?"

"విప్పినా విప్పకపోయినా పద్దెనిమిదో నాడు పైకెక్కి కట్టేసిన చక్రం వదులుతాడంట. విత్తనానికి నీళ్లు కావాల కదా."

ఆడి గాలికి అమ్మికల్లు, అంటే నూరుడు రాయి, అయినా ఎగురుతుందని మా వైపు సామెత. ఆ గాలిలో, వదులైన గోపురం మీద నా కొడుకు. ఇక ఆలోచించేదేముంది? చెంబు, చీర, సద్ది మూట సర్దుకున్నాను.

మా ఇంటాయన పేపరు దించకుండానే, "ఒక గుడ్డ విప్పేదానికి మదురై దాటి పోవాల్నా?" అన్నాడు.

"గుడ్డకు కాదు, మీ కొడుకు మెడకు."

"మరి నా సాపాటు?"

"కుండలో సద్ది ఉంది, ఉట్టిలో ఉల్లిగడ్డ ఉంది, మీకు చేతులున్నాయి," అని చెప్పి, మిల్లు సంగు కూత వేయకముందే టౌను బస్సు ఎక్కేశాను.

రైల్లో: పగిలిన కూజా

పొల్లాచ్చి, పళని మీదుగా పోయే బండి. రైల్లో అమ్మే నీళ్లు నమ్మను, కొని తాగడం అసలే నమ్మను. అందుకని ఇంటి నుంచే మట్టి కూజా మోసుకెళ్లాను. పళనిలో గుండు చేయించుకున్న జనం ఒక్కసారిగా ఎక్కారు. వాళ్లలో ఎవరి మోకాలు తగిలిందో కూజా కాస్తా పగిలింది. నా కాళ్లు, నా మూట, ఎదురుగా ఉన్నామె బుట్ట, అన్నీ తడిశాయి.

నేను తెలుగులో తిట్టాను. మన మాట ఎవరికీ తెలియదనే ధైర్యం. ఎదురుగా ఉన్నామె నవ్వి, తెలుగులోనే, "పోనీ లే పెద్దమ్మా, కాళ్లు కడిగిన పుణ్యం వాళ్లకు దక్కింది," అంది.

ఆమె పేరు అన్నమ్మ. మదురైలో మిల్లులో నూలు చుట్టే పని. వాళ్లది కిరస్తానీ కుటుంబం. తాతల నాటి నుంచి మదురైలోనే ఉన్నా ఇంట్లో తెలుగే. వాళ్ల తెలుగుకూ మా తెలుగుకూ తేడా ఉంది. మేము 'వచ్చినాను' అంటే వాళ్లు 'వస్తిని' అంటారు. నడుమ దొర్లే అరవం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆమె తన చెంబు నా వైపు చాపింది. నేను ఇతరుల ఇళ్లలో నీళ్లు ముట్టే అలవాటు లేనిదాన్ని. ఆ సంగతి ఆమెకూ తెలిసినట్టే ఉంది, చేయి వెనక్కి తీయలేదు, ముందుకూ తోయలేదు. గొంతు ఎండిపోతోంది. తీసుకుని తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నా సద్దిలో సగం ఆమెకు పెట్టాను, నిమ్మకాయ ఊరగాయతో సహా. మాట కలిసింది కాబట్టి, పోయే పని కూడా చెప్పాను.

"విప్పితే ఏమవుతాది పెద్దమ్మా?" అంది.

"పోయినేటి గోపురానికి గుడ్డ కట్టలేదు, కూలింది. దీనికి కట్టినాం, నిలబడింది. గుడ్డే నిలబెట్టిందని మా చెల్లెలి లెక్క."

"మీ చెల్లెలికి ఆ చచ్చిన దూడంటే చానా ప్రేమ ఉన్నట్టుంది," అంది అన్నమ్మ. నాకు అప్పటిదాకా అలమేలు మీద కోపమే ఉంది. ఆ మాటతో కొంచెం తగ్గింది.

మదురై: పత్తిగింజల పాలు

అన్నమ్మ పిలిస్తే ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాను. మిల్లు వెనక ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇళ్లు. ఒక ఇంట్లో దగ్గితే పక్కింటివాళ్లు మంచినీళ్లు తెస్తారు. ఆమె పొద్దున్నే నన్ను వీధి చివరికి తీసుకెళ్లి పత్తిపాలు ఇప్పించింది. పత్తిగింజలు రుబ్బి, పాలు పిండి, బెల్లం, శొంఠి వేసి కాచి అమ్ముతారు. మా ఊళ్లో పత్తిగింజలు గేదెలకు పెడతాం. మనుషులు వరసలో నిలబడి లోటాలు చాపుతుంటే నాకు నవ్వొచ్చింది. తాగాక నవ్వు ఆగింది. చిక్కగా, వెచ్చగా, కడుపులో కూర్చుంటుంది. వేరే పలహారం ఖర్చు లేదు. గేదెలు తెలివైనవే అనుకున్నాను.

బస్సుకు పోయే దారిలో గుడి రథం ఆపి ఉంది. జనమంతా పైనున్న బొమ్మలకు దండం పెడుతుంటే నేను వంగి కిందికి చూశాను. ఇంత లావు దూలాలను ఏం పట్టుకుని ఉందా అని. ఇనుము తక్కువే. దూలానికి దూలం గాడి పెట్టి కూర్చి, సందుల్లో కొయ్య చీలలు బిగించారు. కొన్ని చీలలు పాతబడి నల్లగా ఉన్నాయి, కొన్ని కొత్తగా తెల్లగా ఉన్నాయి. అంటే ఏటేటా చూసి, వదులైనవి తీసి, కొత్తవి కొడుతున్నారు. దేవుడి రథానికే అది తప్పనప్పుడు మా అలమేలు బావికి తప్పుతుందా?

"దేవుడు పైనున్నాడు పాటీ," అన్నాడు పక్కన పూలమ్మే అతను. అవ్వను అక్కడ పాటీ అంటారు.

"ఆయన్ని మోసేది కింద ఉంది నాయనా," అన్నాను.

మేలూరు: సాగిన చెవులు

మేలూరు చుట్టూ బండలు కొట్టే తావులు. ఆ రాళ్లు మోసే బండ్ల చక్రాలు చేసే ఆచారి దగ్గరికే రంగడు పంపింది. బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ చెవులు భుజాల దాకా వేలాడుతున్నాయి. చిన్నప్పటి నుంచి బరువైన కమ్మలు పెట్టిన చెవులు. కమ్మలు ఇప్పుడు లేవు. రంధ్రం మాత్రం బొటనవేలు దూరేంత ఉంది. మా వైపు కమ్మ చిన్నది, చెవి చెవిలాగే ఉంటుంది.

ఆచారి తమిళంలో మాట్లాడాడు. ఆయన మాట వేగం, నాకు తమిళం బాగానే వచ్చినా రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది. పోయినేటి గోపురం ఎందుకు కూలిందో ఆయనే చెప్పాడు. రంగడు విరిగిన ముక్క తెచ్చి చూపించాడట.

"గాలిమర గోపురం ఇంటి స్తంభం కాదమ్మా. స్తంభానికి నొక్కుడు ఒక్కటే. గాలి పడమట నుంచి కొడితే తూర్పు కాళ్లు నేలలోకి దిగుతాయి, పడమటి కాళ్లు పైకి లేస్తాయి. నొక్కితే ఏ అతుకైనా ఓర్చుకుంటుంది, లాగితేనే తెలుస్తుంది దాని సంగతి. ఆ పాత వడ్రంగి రెండు కొయ్యలు పక్కపక్కన పెట్టి బోల్టు వేసి వదిలేశాడు. లాగడం, వదలడం, లాగడం, వదలడం. బోల్టు ఇనుము, కొయ్య కొయ్య. రంధ్రం సాగిపోయింది."

"ఆ అవ్వ చెవిలాగ," అన్నాను. ఆయన పని ఆపి నవ్వాడు.

మరి మా రంగడు చేసిన అతుకు ఎట్లాంటిదని అడిగాను. ఆయన నా కుడిచేతి వేళ్లు కొక్కెంలా వంచమని, తన వేళ్లు వాటిలో తగిలించి లాగాడు. రెండు కొయ్యల కొసలనూ ఏటవాలుగా కోసి, నడుమ మెట్టు పెట్టి, ఇట్లాగే ఒకదానికొకటి తగిలించాడట. మెట్ల మధ్య వదిలిన సందులో రెండు చీలలు ఎదురెదురుగా కొడితే కొయ్యలు కదలవు. బోల్టులు పక్కకు జారకుండా పట్టుకోవడానికి మాత్రమే.

"అయితే కొయ్య ఇంకా పచ్చిది," అన్నాడు. "మొదటేడు ఎండకు కుంచించుకుపోతుంది, చీల వదులవుతుంది. గాలి రాకముందే విప్పి చూసి బిగించాలి. బిగిస్తే నూరేళ్లు. బిగించకపోతే వేళ్లు తగిలించి చేయి సడలించినట్టే." అని చేయి సడలించాడు. నా చేయి జారి నా ఒళ్లో పడింది.

చీలలు నల్లతుమ్మవి. పొయ్యి మీది అటక మీద పొగకు ఎండబెట్టి, నూనెలో ముంచి తీశాడు. ఆయన చెప్పిన ధరకు నేను మొహం ముడుచుకున్నాను. అలవాటు. ఆయన తగ్గించలేదు, అడగకుండానే నాలుగు ఎక్కువ ఇచ్చాడు. బేరం నెగ్గానో ఓడానో ఇప్పటికీ తెలియలేదు.

ఆండిపట్టి: బండి మీద నిలబడి

మళ్లీ మదురై మీదుగా తిరిగి ఆండిపట్టిలో బస్సు దిగేసరికి గాలి చెంగును లాగేస్తోంది. అలమేలు గడపలోనే, "అక్కా, ఎంత నల్లబడినావు! సీక్రంగా కాళ్లు కడుక్కో, రాగి కూళు చల్లారిపోతాది," అంది. రాగి అంబలిని ఆ ఇంట్లో కూళు అంటారు. ఉల్లిగడ్డ, మజ్జిగలో ఊరేసి ఎండబెట్టిన మోరుమిరపతో తాగాను. అప్పుడు విన్నాను. బావి వైపు నుంచి గోపురం మూలుగుతోంది. గాలి వచ్చినప్పుడల్లా కిర్రుమని, ఆగాక మళ్లీ కిర్రుమని. పాత మంచం మీద లావు మనిషి పక్కకు తిరిగినట్టు.

రంగడు చిక్కిపోయాడు. "విన్నావామ్మా? అది అతుకు మాట," అన్నాడు.

"అది గాలి మాట," అంది అలమేలు. "మూర్తం గుడ్డ ఆడిలో ముట్టుకుంటారా ఎవరైనా? పోయినేడు దూడ పోయింది. ఈ ఏడు నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం చెప్పాల?"

"గుడ్డ విప్పకపోతేనే అయ్యేది చిన్నమ్మా!"

"పెద్దల మాట లెక్కలేని వడ్రంగి మాటలు మాట్లాడొద్దు. నువ్వు ఎక్కనే ఎక్కొద్దు."

"ఎక్కకపోతే చక్రం తిరగదు, మిరప నారుకు నీళ్లు లేవు. మళ్లా ఎద్దుల మెడ మీద కాడి పెడతావా?"

మా మరిది ఎద్దుల పక్కన నిలబడి ఎద్దుల కంటే నిశ్శబ్దంగా ఉన్నాడు. నేను అక్కను కదా, విప్పమని గద్దిస్తే అలమేలు విప్పనిచ్చేదే. కానీ ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నేను విప్పిన గుడ్డే కారణమవుతుంది. ఆ రోజుకు నోరు మూసుకున్నాను.

మరునాడే ఆడి పద్దెనిమిది. ఏటి నీళ్లకు పూజ చేసే రోజు. పొద్దున్నే చింతపండు అన్నం, కొబ్బరి అన్నం, పెరుగన్నం కలిపి, ఏటి ఒడ్డుకు తీసుకెళ్లడానికి సర్దుతున్నాం. అలమేలు ఒక పళ్లెంలో పసుపు తడిపిన కొత్త దారాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు మా ఆడవాళ్లు తాళికున్న పాత దారం తీసేసి కొత్త దారం వేసుకుంటారు. ఏడాదంతా నలిగిన దారం తెగకముందే మార్చుకోవడం మంచిదని పెద్దలు పెట్టిన ఆచారం.

దారం చేతిలోకి తీసుకున్నాను. బావి వైపు కిర్రుమంది.

"అలమేలూ, తాళి దారం ఏ నెలలో మారుస్తాం?"

"ఇదేం అడగడం? ఆడిలో. ఈ రోజే."

"పాతది విప్పితే పాపమా?"

"కొత్తది వేసుకుంటాం కదా అక్కా, పాపం ఎట్లవుతాది?"

"తాళికే ఈ రోజు మంచిదైతే, గోపురానికి చెడ్డదా?"

అలమేలు బావి వైపు తిరిగి చూసింది. రంగడు గోడకు ఆనుకుని ఉన్నవాడు నిటారుగా లేచాడు. మొట్టమొదటిసారి మా మరిది నోరు తెరిచి, "పసుపు గుడ్డ కొత్తది పెట్టెలో ఉంది," అన్నాడు.

అతుకులు మనిషి ఎత్తుకు పైన ఉన్నాయి. ఎద్దులు విప్పేసిన బండిని గోపురం మొదటి కాలి పక్కకు తోసి, కాడి కింద దన్ను పెట్టి, నన్ను బండి మీదికి ఎక్కించారు. అలమేలు నా మోకాళ్లు కౌగిలించుకుంది. "పడితే నా మీదే పడు అక్కా," అంది. గాలి చెంగును తల మీదికి తెచ్చి కప్పింది. ఏమీ కనబడకుండానే ముడి వెతికాను. నా ముడే, నాకే రాలేదు. కత్తి ఇస్తానన్నాడు రంగడు. ముహూర్తపు ముడిని కోయరు. పళ్లతో లాగాను. నోటి నిండా పాత పసుపు.

గుడ్డ ఊడింది. సందులో చీల కనబడింది. వేలితో ఇట్లా తోశాను, అంతే, అది జారి నా చేతిలోకి వచ్చింది. ఒక ముసలిదాని వేలికి జారింది. అలమేలు కిందనుంచి చూసింది. నా మోకాళ్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ తరువాత పని రంగడిది. పాత చీలలు తీసి, మేలూరు చీలలు రెండు వైపుల నుంచీ పెట్టి కొట్టాడు. మొదటి దెబ్బకు బోలు శబ్దం. కొట్టేకొద్దీ శబ్దం సన్నబడి, చివరికి రాయి మీద కొట్టినట్టు మోగింది. "చాలు," అని సుత్తి దించాడు. ఎక్కువ కొడితే కొయ్య చీలుతుందట. నాలుగు కాళ్లకూ అట్లాగే. కొత్త గుడ్డ కట్టబోతే, "అతుకు మీద కాదమ్మా, దాని కింద కట్టు. మళ్లా చూడాల," అన్నాడు. నేను అలమేలు వైపు చూశాను.

"కింద కట్టక్కా," అంది. "తాళి మెడలో వేసుకుంటాం గానీ నోటికి కట్టుకుంటామా?"

అప్పుడు వాడు ఎక్కాడు. నేను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను. గాలి వచ్చింది. గోపురం మూలగలేదు. ఇంకా గట్టిగా వచ్చింది. దాని కాళ్లలో చిన్న వణుకు, అంతే. వాడు పైన కట్టు విప్పి తోకను వదిలాడు. చక్రం గాలికి మొహం తిప్పి, ఒళ్లు విరుచుకుని, తిరగసాగింది. బావిలో కడ్డీ లేచి దిగింది. చాలాసేపు గొట్టం దగ్గింది. ఆ తరువాత బురద, ఆ తరువాత నీళ్లు.

"ఒరే రంగా, చూసింది చాలు, దిగు!" అని అరిచాను.

"ఇక్కడ చల్లగా ఉందమ్మా!"

"దిగితే పులుసన్నం ఉంది. దిగకపోతే మీ చిన్నాయన తినేస్తాడు."

దిగాడు. వాడి కాలు నేలకు ఆనాక నాకు ఆకలేసింది. ఏటి ఒడ్డున మూడు రకాల అన్నాలూ తిన్నాను. మళ్లీ పెట్టించుకున్నాను కూడా.

"చూసినావా అక్కా, గుడ్డ మార్చగానే నీళ్లొచ్చినాయి," అంది అలమేలు.

సరే అన్నాను. గోపురం నిలబడితే చాలు. ఎవరి వల్ల నిలబడిందనేది వాళ్ల ఊరివాళ్లు తేల్చుకుంటారు.

మళ్లీ ఇంటికి

వచ్చేటప్పుడు అన్నమ్మ కోసం కొబ్బరి అన్నం తీసుకెళ్లాను. ఆమె మిల్లులో ఉంటే పక్కింట్లో ఇచ్చి వచ్చాను. కూజా కొత్తది కొనలేదు. మదురై కూజాల ధరకు మా ఊళ్లో రెండు వస్తాయి.

మా ఇంటాయన కుండ, ఉల్లిగడ్డలు రెండూ ఖాళీ చేసి, బతికే ఉన్నాడు. "గోపురం ఎట్లుంది?" అన్నాడు.

"నిలబడింది."

"నువ్వు?"

"నేనూ."

జారి నా చేతిలో పడ్డ ఆ పాత చీలను పారేయలేదు. మంచి తుమ్మ కొయ్య, పారేయడానికి మనసు రాలేదు. ఆడి గాలికి మా వీధి తలుపు ఏటా కొట్టుకుంటుంది. ఈ ఏడు దాని కింద ఆ చీల తోశాను. ఇది రాస్తుండగా కూడా గాలి వీస్తోంది, పెరట్లో బకెట్టు దొర్లుతోంది. గాలి పెరిగినప్పుడల్లా రాత ఆపి తలుపు వైపు చూస్తాను. అది కదలదు. మళ్లీ రాసుకుంటాను.